చార్జర్ పెట్టే ఉన్నా గేమ్ ఎందుకు స్లో అవుతోంది? కారణం కనిపెట్టి సరిచేసుకోవడం ఎలా?

గేమ్ మొదలుపెట్టిన పది పదిహేను నిమిషాలు అంతా బాగుంటుంది. సెకనుకు 110 ఫ్రేమ్‌లు, ఎక్కడా తడబాటు ఉండదు. ఉన్నట్టుండి 35కి పడిపోతుంది. గురి పెట్టిన చోట గుండు తగలదు, తిప్పిన వైపు కెమెరా తిరగదు. చార్జర్ చూస్తే పెట్టే ఉంది, లైటు కూడా వెలుగుతోంది. కాసేపటికి దానంతట అదే కోలుకుంటుంది, మళ్లీ పడుతుంది.

ఇలా జరిగితే చాలామంది మొదట గ్రాఫిక్స్ డ్రైవర్ తీసి మళ్లీ వేస్తారు. కుదరకపోతే విండోస్ మళ్లీ వేస్తారు. అప్పటికీ కుదరకపోతే ల్యాప్‌టాప్ విప్పి, చిప్‌ల వేడిని బయటికి లాగే పేస్ట్ మారుస్తారు. నేనూ ఇదే వరసలో వెళ్లి వారం రోజులు పోగొట్టుకున్నాను. అందుకే మొదటి అరగంట మీ చేత ఒక్క సెట్టింగ్ కూడా మార్పించను. ఫ్రేమ్‌లు ఎప్పుడు పడుతున్నాయి, సరిగ్గా ఆ క్షణంలో ఇంకే అంకె పడింది, ఈ రెండూ తెలిస్తే సగానికి పైగా పని అయిపోయినట్టే.

ముందు చూడండి, ఏదీ ముట్టుకోకండి

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసుకోండి. తెరిచేటప్పుడు 'సెన్సర్స్ ఓన్లీ' అనే గడిలో టిక్ పెట్టండి. పెద్ద జాబితా వస్తుంది, చూసి టెన్షన్ పడకండి. అందులో మనకు కావలసినవి కొన్నే: ప్రాసెసర్ క్లాక్ స్పీడ్ (అది పని చేసే వేగం), ప్రాసెసర్ వేడి, ప్రాసెసర్ తీసుకుంటున్న వాట్లు, గ్రాఫిక్స్ చిప్ క్లాక్, దాని వేడి, దాని వాట్లు. బ్యాటరీ విభాగంలో 'చార్జ్ రేట్' అని ఇంకో అంకె ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు కానీ, నా దృష్టిలో ఈ సమస్యకు అంతకంటే పనికొచ్చే అంకె లేదు.

కింద లాగింగ్ బటన్ ఉంటుంది. అది నొక్కితే ప్రతి రెండు సెకన్లకూ ఈ అంకెలన్నీ ఒక ఫైల్‌లోకి చేరతాయి. లాగింగ్ ఆన్ చేసి, ఎప్పుడూ ఇబ్బంది పెట్టే గేమ్‌నే తెరిచి, ఒకే చోట అరగంట ఆడండి. రోజూ ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టి ఆడతారో అక్కడే పెట్టండి, రోజూ పెట్టే చార్జరే పెట్టండి. మంచం మీద పెట్టి ఆడే అలవాటుంటే ఈ పరీక్ష కూడా మంచం మీదే చేయాలి. ఈ రోజు ప్రత్యేకంగా బల్ల మీదకు మారిస్తే సమస్య కనిపించకుండా పోతుంది. ఫ్రేమ్‌లు పడినప్పుడల్లా టైమ్ ఒక కాగితం మీద రాసుకోండి. 'బ్యాటరీ ఎంత శాతం ఉంది' అనేది కూడా మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి రాయండి.

పడిన తీరు ఏం చెబుతోంది?

గేమ్ తెరిచిన మొదటి నిమిషం నుంచే నీరసంగా ఉంటే అది సాధారణంగా వేడి కాదు. పేస్ట్ బాగా పాడైతే తప్ప అంత తొందరగా ఏదీ కాగదు. పవర్ మోడ్ తప్పుగా ఉండొచ్చు, ల్యాప్‌టాప్ అడాప్టర్‌ని గుర్తుపట్టకపోయి ఉండొచ్చు, లేదా గేమ్ అసలు గ్రాఫిక్స్ చిప్ మీద కాకుండా ప్రాసెసర్‌లో ఉండే చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తూ ఉండొచ్చు.

అయిదు నుంచి ఇరవై నిమిషాల మధ్య పడితే ముందుగా వేడిని అనుమానించండి. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల దగ్గరికి వచ్చాక తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్‌లలో చాలావాటికి ఆ గీత 87 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఫ్రేమ్‌లు పడిన క్షణంలో వేడి ఆ గీత దగ్గర నిలబడి, క్లాక్ మెట్లు దిగినట్టు తగ్గుతూ వస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

గంట, గంటన్నర బాగా నడిచి ఆ తర్వాత పడితే, బ్యాటరీ శాతం చూడండి. చార్జర్ పెట్టి ఉండగానే 100 నుంచి 60కో 40కో దిగిందంటే అడాప్టర్ చాలడం లేదు. లోటు బ్యాటరీ పూడుస్తోంది. బ్యాటరీ ఒక స్థాయికి దిగాక ఇక ఇవ్వలేనంటుంది, వెంటనే వేగం తగ్గిపోతుంది.

వేడి 60, 65 డిగ్రీలే ఉన్నా ప్రాసెసర్ క్లాక్ 0.8 గిగాహెర్ట్జ్ లాంటి అంకె దగ్గర ఇరుక్కుపోతే అది వేరే కథ. దాని గురించి చివర్లో చెబుతాను.

ఇంకొక్క మాట. క్లాకులు, వాట్లు అన్నీ మామూలుగానే ఉన్నాయి, ఫ్రేమ్‌లు మాత్రం పడుతున్నాయి అంటే ల్యాప్‌టాప్‌ని తప్పుపట్టకండి. గేమ్‌లో ఆ చోటు బరువైనది అయ్యుండొచ్చు, గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయి ఉండొచ్చు, వెనక ఏదో డౌన్‌లోడో వైరస్ స్కానో నడుస్తూ ఉండొచ్చు. టెక్స్చర్ క్వాలిటీ ఒక మెట్టు తగ్గించి చూడండి, టాస్క్ మేనేజర్ ఒకసారి తెరిచి చూడండి. కింద చెప్పేవేవీ మీకు అక్కర్లేదు.

అడాప్టర్: అందరూ చివర్లో చూసేది, మొదట చూడాల్సింది

చార్జర్ పెట్టి ఉందంటే కరెంటు సరిపడా వస్తోందని అర్థం కాదు. అడాప్టర్ తిరగేసి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. 'అవుట్‌పుట్' అన్న చోట వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి. రెండూ గుణించండి. 20 వోల్టులు, 11.5 ఆంపియర్లు అయితే 230 వాట్లు. 19.5 వోల్టులు, 9.23 ఆంపియర్లు అయితే 180 వాట్లు. 20 వోల్టులు, 6.75 ఆంపియర్లు అయితే 135 వాట్లే.

ఇప్పుడు ఖర్చు లెక్క చూద్దాం. గ్రాఫిక్స్ చిప్ 115 వాట్లు, ప్రాసెసర్ 45 వాట్లు, తెర, ఫ్యాన్లు, మెమరీ, డిస్క్ కలిపి ఇంకో 25 వాట్లు అనుకోండి. 185 అయింది. ఫోన్ చార్జింగ్‌కీ, బయటి డిస్క్‌కీ వేరే. 230 వాట్ల అడాప్టర్‌కి ఇది తేలిక, 180కి ఊపిరాడదు, 135కి అసాధ్యం. ఒకే పేరున్న గ్రాఫిక్స్ చిప్ కూడా అన్ని ల్యాప్‌టాప్‌లలో ఒకే వాట్లు తీసుకోదని గుర్తుంచుకోండి. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా బిగించుకునే వీలు తయారీదారులకు ఉంది. స్నేహితుడి ల్యాప్‌టాప్‌తో పోల్చుకుని బాధపడే ముందు ఆ అంకె చూడండి.

నా ల్యాప్‌టాప్‌కి వచ్చిన అడాప్టర్ 230 వాట్లది. మా తమ్ముడిది అదే బ్రాండ్‌లో మామూలు ల్యాప్‌టాప్, దాని అడాప్టర్ 135 వాట్లది. రెండూ నల్లటి ఇటుకల్లా ఉంటాయి, పిన్ను కూడా ఒకటే. ఇల్లు సర్దినప్పుడు బల్ల కింద అవి తారుమారయ్యాయి. వారం పాటు నేను దాంతోనే ఆడాను. డ్రైవర్ రెండుసార్లు వేశాను, పేస్ట్ మార్చాను. వేడి 64 డిగ్రీలు దాటడం లేదు, అయినా గేమ్ ముందుకు కదలదు. చివరికి చార్జ్ రేట్ గడి చూశాను: మైనస్ 22 వాట్లు. చార్జర్ పెట్టి ఉంది, తెర మీద ప్లగ్ బొమ్మ కూడా ఉంది, కానీ నిమిషనిమిషానికీ బ్యాటరీ కారిపోతోంది. ఆ మైనస్ గుర్తు చూడగానే బల్ల కిందకి వంగి అడాప్టర్ తిరగేశాను.

అందుకే చెబుతున్నాను, గేమ్ నడుస్తుండగా ఆ గడిలో అంకె సున్నా దగ్గరో పైనో ఉండాలి. బరువైన క్షణాల్లో ఒకటి రెండు సెకన్లు మైనస్‌లోకి పోయి రావడం కొన్ని ల్యాప్‌టాప్‌లలో మామూలే. అది మైనస్‌లోనే కాపురం పెడితే మాత్రం అడాప్టర్ సంగతి చూడాలి.

టైప్-సీ చార్జర్‌తో ఆడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2021లో కొత్త ప్రమాణం వచ్చేదాకా టైప్-సీ పవర్ డెలివరీకి గరిష్ఠం 100 వాట్లే. కొత్త ప్రమాణం 240 వాట్ల దాకా ఒప్పుకుంటుంది కానీ, చార్జర్, కేబుల్, ల్యాప్‌టాప్ మూడూ దానికి తగ్గవి అయినప్పుడే. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో టైప్-సీ సాకెట్‌ను చదువుకోవడానికి, సినిమా చూడటానికి వాడండి. గేమ్‌కి మాత్రం దాంతో వచ్చిన పెద్ద అడాప్టరే పెట్టండి. టైప్-సీ మీద ఉంటే చాలా ల్యాప్‌టాప్‌లు టర్బో మోడ్‌ని (అత్యధిక వేగం ఇచ్చేదాన్ని) తెరవనే తెరవవు.

అడాప్టర్ సరైనదే అయితే ఇక దారి చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసేసి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి. పిన్ను ల్యాప్‌టాప్‌లోకి పూర్తిగా దిగిందో లేదో నొక్కి చూడండి. పెట్టాక వైరును మెల్లగా అటూ ఇటూ కదపండి. తెర వెలుతురు మారినా, చార్జింగ్ బొమ్మ వచ్చి పోయినా ఎక్కడో కాంటాక్ట్ వదులుగా ఉంది. రెప్పపాటు కరెంటు తెగినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మోడ్‌లోకి దూకి వెనక్కి వస్తుంది, ఆ దూకుడే మీకు గేమ్‌లో ఆగిఆగి నడిచినట్టు కనిపిస్తుంది. కొన్ని గుండ్రటి పిన్నుల మధ్యలో సన్నటి సూది ఉంటుంది. 'నేను ఇన్ని వాట్ల అడాప్టర్‌ని' అని ల్యాప్‌టాప్‌కి చెప్పేది అదే. అది వంగినా విరిగినా కరెంటు వస్తూనే ఉంటుంది, కానీ అడాప్టర్ ఎవరో తెలియక ల్యాప్‌టాప్ భయపడి వేగం తగ్గించుకుంటుంది. టార్చ్ వేసి చూడండి.

సెట్టింగ్స్: పది నిమిషాల పని

ఇక్కడ ఎక్కువ సేపు ఉండనక్కర్లేదు, వరసగా చూసుకుంటూ పోండి.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీ తెరిచి, పవర్ మోడ్‌ని 'బెస్ట్ పర్ఫార్మెన్స్' చేయండి. ఈమధ్య వెర్షన్లలో ప్లగ్‌లో ఉన్నప్పటికీ బ్యాటరీ మీద ఉన్నప్పటికీ విడివిడిగా ఉంటుంది, ప్లగ్‌లో ఉన్నప్పటిదే మార్చండి. ఎనర్జీ సేవర్ ఆన్‌లో ఉంటే తీసేయండి.

ఆ తర్వాత ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన ప్రోగ్రామ్. దీని మాట విండోస్ మాట కంటే ఎక్కువ చెల్లుతుంది, ఎందుకంటే చిప్‌లకు ఎన్ని వాట్లు ఇవ్వాలో, ఫ్యాన్ ఎంత తిరగాలో తేల్చేది ఇదే. అసూస్ గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఆర్మరీ క్రేట్, లెనోవో లీజియన్‌లో వాంటేజ్, ఏసర్‌లో నైట్రోసెన్స్ లేదా ప్రిడేటర్‌సెన్స్, హెచ్‌పీ ఓమెన్‌లో గేమింగ్ హబ్. 'సైలెంట్', 'క్వైట్' మోడ్‌లో ఉందేమో చూడండి. తెలియకుండా కీబోర్డు మీద నొక్కడం వల్ల కూడా ఇది మారిపోతుంది: లీజియన్‌లో ఎఫ్ఎన్ కీతో క్యూ, చాలా అసూస్ వాటిలో ఎఫ్ఎన్‌తో ఎఫ్5. లీజియన్ వాడేవాళ్లకు ఒక సులువు ఉంది. పవర్ బటన్ నీలంగా ఉంటే క్వైట్, తెల్లగా ఉంటే బ్యాలెన్స్‌డ్, ఎర్రగా ఉంటే పర్ఫార్మెన్స్.

ఎన్విడియా ప్రోగ్రామ్‌లో విస్పర్ మోడ్ ఉంటే ఆఫ్ చేయండి. ఫ్యాన్ చప్పుడు తగ్గించడానికి అది ఫ్రేమ్‌లకు పరిమితి పెడుతుంది. మీ ఫ్రేమ్‌లు సరిగ్గా 30 దగ్గరో 60 దగ్గరో గీత గీసినట్టు ఆగిపోతుంటే అది నీరసం కాదు, ఎవరో పెట్టిన పరిమితి. గేమ్‌లో వీ-సింక్ (ఫ్రేమ్‌లను తెర వేగానికి కట్టేసేది), ఫ్రేమ్ లిమిట్, తెర రిఫ్రెష్ రేట్ (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో చెప్పేది) చూడండి. బ్యాటరీ మీదకు వెళ్లినప్పుడు కొన్ని ల్యాప్‌టాప్‌లు రిఫ్రెష్ రేట్‌ని 60కి దించుతాయి, అది ఒక్కోసారి తిరిగి పైకి రాదు.

ఇక డిస్‌ప్లే సెట్టింగ్స్ కింద ఉన్న గ్రాఫిక్స్ పేజీలో మీ గేమ్ పేరు వెతికి 'హై పర్ఫార్మెన్స్' ఎంచుకోండి. ఒక్కోటి మార్చాక ఒకసారి ఆడి చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు.

వేడి అని తేలితే

మొదట పైసా ఖర్చు లేని పని చేయండి. ల్యాప్‌టాప్ వెనక భాగాన్ని రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తండి, రెండు మందపాటి పుస్తకాలు చాలు. గాలి లాగే రంధ్రాలు ఎక్కువగా అడుగునే ఉంటాయి, వాటిని మూయకుండా చూసుకోండి. దుప్పటి మీద, దిండు మీద ఆడటం మానండి. ఈ ఒక్క మార్పుతోనే సమస్య పోయిన ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి.

తర్వాత దుమ్ము. గాలి బయటికి వచ్చే జాలి దగ్గర అరచేయి పెట్టండి. ఫ్యాన్ గట్టిగా అరుస్తోంది కానీ చేతికి గాలి సన్నగా తగులుతోందంటే లోపల రేకుల ముందు దుమ్ము దుప్పటిలా పేరుకుపోయింది. ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, అడుగు మూత విప్పి, వీలైతే బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీసి శుభ్రం చేయాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితోనో పుల్లతోనో కదలకుండా పట్టుకోండి. అది పిచ్చిగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వద్దు, దాంతో స్టాటిక్ కరెంటు పుట్టే ప్రమాదం ఉంది. మూత విప్పే అలవాటు లేకపోయినా, వారంటీ ఉన్నా, తెలిసినవాళ్ల చేత చేయించండి.

మూత తెరిచినప్పుడు బ్యాటరీని తప్పకుండా చూడండి. ఉబ్బి ఉంటే, లేదా విప్పకముందే టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు, అడుగు మూత వంకర తిరిగినట్టు కనిపిస్తే ఆ ల్యాప్‌టాప్ ఇక ఆన్ చేయకండి, చార్జింగ్ పెట్టకండి. ఉబ్బిన బ్యాటరీకి మంటలు అంటుకోవచ్చు. దాన్ని గుచ్చకూడదు, నొక్కకూడదు. మార్పించాకే ఏ గేమైనా.

శుభ్రం చేశాక కూడా వేడి దిగకపోతే, ప్రాసెసర్‌ని కాస్త అదుపులో పెట్టండి. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ ఒకే రాగి గొట్టాలను పంచుకుంటాయి. ప్రాసెసర్ అవసరం లేకపోయినా టర్బోలో (మామూలు కంటే ఎక్కువ వేగంలో) ఎగిరి 90 వాట్లు తాగేస్తుంటే ఆ వేడి గ్రాఫిక్స్ చిప్ నెత్తిన పడుతుంది. పాత పవర్ ప్లాన్ సెట్టింగ్స్‌లో 'మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్'ని 100 నుంచి 99కి మారిస్తే చాలా ప్రాసెసర్లలో టర్బో ఆగిపోతుంది. వేడి ఒక్కసారిగా పది డిగ్రీలకు పైగా దిగడం చూస్తారు. ప్రాసెసర్ మీద ఆధారపడే గేమ్‌లలో మొదటి నిమిషాల ఫ్రేమ్‌లు కొన్ని తగ్గుతాయి కానీ, అరగంట తర్వాత కూడా అవే ఫ్రేమ్‌లు ఉంటాయి. నాకైతే పది నిమిషాల 120 కంటే మూడు గంటల 90 మేలు. ఫ్రేమ్ లిమిట్ పెట్టడం కూడా ఇంతే లాభం ఇస్తుంది, పైగా దేనికీ హాని లేదు. ఇదే 99 కారణంగా అసలు సమస్య రావడం కూడా ఉంది. ఎప్పుడో ఎవరో మార్చి మరిచిపోయి ఉంటారు. మీ ప్రాసెసర్ ఎప్పుడూ టర్బోలోకి వెళ్లకపోతే ఆ గడి చూడండి.

పేస్ట్ మార్చడం ఆఖరి మెట్టు. రెండు మూడేళ్లు వాడిన ల్యాప్‌టాప్‌లో పేస్ట్ ఎండిపోయి, పక్కలకు జారిపోయి ఉండొచ్చు. గుర్తు ఏమిటంటే, గేమ్ తెరిచిన పది పదిహేను సెకన్లలోనే వేడి నిట్టనిలువుగా 95కి ఎగబాకుతుంది, లేదా ప్రాసెసర్ కోర్లలో ఒకదానికీ ఇంకోదానికీ పదిహేను డిగ్రీల తేడా వస్తుంది. ఈ గుర్తులు లేకుండా పేస్ట్ జోలికి పోవద్దు.

చల్లగా ఉంది, అయినా కదలదు

వేడి లేదు, అడాప్టర్ సరైనదే, మోడ్ సరిగానే ఉంది, కానీ ప్రాసెసర్ 0.4 లేదా 0.8 గిగాహెర్ట్జ్ దగ్గర కూర్చుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ప్రాక్‌హాట్ అనే వరస 'యెస్' చూపిస్తోందేమో చూడండి. ప్రాసెసర్ కాగిపోతోందని చెప్పే సంకేతం అది. కానీ ఇదే సంకేతాన్ని మదర్‌బోర్డు మీది ఇతర భాగాలు కూడా పంపగలవు: అడాప్టర్ గుర్తింపు తప్పినప్పుడు, బ్యాటరీ జబ్బు చేసినప్పుడు, కరెంటు పంచే సర్క్యూట్ కాగినప్పుడు. ప్రాసెసర్ మాత్రం ఎవరు పంపారో అడగదు, వెంటనే వేగం దించేస్తుంది.

దీనికి మొదటి మందు చిన్నదే. ల్యాప్‌టాప్ పూర్తిగా షట్‌డౌన్ చేయండి. చార్జర్, యూఎస్‌బీ సామాన్లు అన్నీ తీసేయండి. పవర్ బటన్ నొక్కి 40 నుంచి 60 సెకన్లు వదలకుండా పట్టుకోండి. వదిలి, చార్జర్ పెట్టి, ఆన్ చేయండి. పవర్ వ్యవహారం చూసే చిన్న కంట్రోలర్ తన పాత లెక్కలు మరిచిపోయి కొత్తగా మొదలవుతుంది. నిద్ర మోడ్ నుంచి లేచాక మొదలైన సమస్య అయితే చాలాసార్లు దీంతోనే పోతుంది. తర్వాత బయోస్ (విండోస్ కంటే ముందే మొదలయ్యే, మదర్‌బోర్డులో ఉండే ప్రోగ్రామ్) కొత్త వెర్షన్ ఉందేమో కంపెనీ సైట్‌లో చూడండి. అది వేసేటప్పుడు చార్జర్ పెట్టి ఉండాలి, మధ్యలో ఆపకూడదు.

థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌లో ఈ బయటి సంకేతానికి ఒక టిక్ ఉంటుంది, అది తీసేస్తే ప్రాసెసర్ ఆ సంకేతాన్ని పట్టించుకోదు. వేగం వెంటనే తిరిగొస్తుంది కాబట్టి అదే పరిష్కారం అనిపిస్తుంది. కారణం తెలుసుకోవడానికి రెండు నిమిషాలు తీసి చూడటం వరకు సరే. అలాగే వదిలేసి రోజూ ఆడటం మాత్రం నేను ఒప్పుకోను. ఆ సంకేతం పంపుతున్న భాగం నిజంగానే కాగుతూ ఉంటే మదర్‌బోర్డు పోతుంది.

సర్వీస్‌కి ఇవ్వాల్సి వస్తే

'గేమ్ స్లోగా ఉంది' అని చెబితే ఫార్మాట్ చేసి తిరిగి ఇచ్చే అవకాశం ఎక్కువ. మీ దగ్గర లాగ్ ఫైల్ ఉంది కదా, అది చూపించండి. 'అసలు అడాప్టరే పెట్టాను, 230 వాట్లు. గేమ్ పెట్టిన 12వ నిమిషంలో గ్రాఫిక్స్ చిప్ 110 వాట్ల నుంచి 35కి పడింది. అప్పుడు వేడి 66. బ్యాటరీ మైనస్ 18 వాట్లలో ఉంది. అదే మోడల్ వేరే అడాప్టర్‌తో కూడా ఇంతే' అని కాగితం మీద రాసి ల్యాప్‌టాప్‌తో పాటే ఇవ్వండి. అలా చెబితే వాళ్లు నేరుగా చార్జింగ్ సాకెట్, బ్యాటరీ, పవర్ సర్క్యూట్ చూస్తారు. అడాప్టర్‌ని కూడా తప్పకుండా వెంట తీసుకెళ్లండి, చాలామంది దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్తారు. బాగుచేసి ఇచ్చాక కౌంటర్ దగ్గర డెస్క్‌టాప్ తెరుచుకోవడం చూసి వచ్చేయకండి. మళ్లీ అదే గేమ్, అదే చోటు, అదే అరగంట. కొత్త లాగ్ తీసి పాతదాని పక్కన పెట్టుకుని, 12వ నిమిషం దగ్గర గ్రాఫిక్స్ చిప్ వాట్లు, బ్యాటరీ చార్జ్ రేట్ రెండూ పోల్చి చూడండి.